నలుపు కొట్టిన మాట

మీ కోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అత్తయ్య, "కాగితాలకి మసి పూస్తుంది" అని చెప్పేది. అడిగినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. నేనే నవ్వి, అసలు సంగతి వివరించుకోవాల్సి వచ్చేది.

ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. టీచర్ల మీద వచ్చే ఫిర్యాదులు విచారించడానికి ఒక మండలి ఉంది. అది బడులకీ చెందదు, బడులు నడిపే శాఖకీ చెందదు. టీచర్ పిల్లల మీద చేయి చేసుకున్నా, పాఠం చెప్పడం చేతకాకపోయినా ఫిర్యాదు మా దగ్గరికే వస్తుంది. పై అంతస్తులో ముగ్గురు సభ్యులు కూర్చుని తీర్పు రాస్తారు. వాళ్ళకి ఎవరి పేరూ తెలియకూడదు. ఏ బడి, ఎవరి తాలూకు అన్నది తెలిస్తే మనసు అటో ఇటో మొగ్గుతుందని ఆ నియమం పెట్టారు. అందుకని ఫిర్యాదుకి నకలు తీసి, అందులో మనిషిని పట్టిచ్చే ప్రతి మాట మీదా నల్ల పెన్నుతో దిద్ది, దాన్ని మళ్ళీ నకలు తీసి పైకి పంపాలి. అసలు కాగితం మా సూపరింటెండెంట్ గారి ఇనప బీరువాలోకి పోతుంది. ఆ దిద్దే మనిషిని నేను. ఏడేళ్ళలో కొన్ని వేల పేర్లకి నలుపు కొట్టి ఉంటాను.

ఏ మాటలకి నలుపు కొట్టామో ఫైలు మొదట్లో జాబితా రాస్తాం. ఒకసారి జాబితాకెక్కిన మాటని ఆ ఫైల్లోకి తర్వాత ఎన్ని కాగితాలొచ్చినా అన్నిటిలోనూ కొట్టేయాల్సిందే. దాంతోపాటు ఒక చీటీ ఉంటుంది. 'ఈ ఫైల్లోని వారెవరూ నాకు తెలియదు' అని అచ్చు వేసి ఉంటుంది, కింద సంతకం చేయాలి. రోజుకి ఇరవై ముప్పై చేసేదాన్ని. చదివి చేసింది ఎప్పుడంటే, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు.

ఆ వానాకాలం మధ్యలో ఒక రోజు నా బల్ల మీదికి వచ్చిన కట్టలో పై నుంచి నాలుగో కాగితం ఒక దర్జీ పని చేసే ఆవిడ రాసింది. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి. సైన్స్ పీరియడ్‌లో టీచర్ స్పిరిట్ దీపం వెలిగించి ప్రయోగం చూపిస్తోందట. దీపం ఆరిపోయిందనుకుని, సీసాలోంచి స్పిరిట్ పోసిందట. దీపం ఆరలేదు. భగ్గుమని మంట లేచి, ముందు బెంచీలో కూర్చుని గరాటు పట్టుకున్న పిల్ల కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది.

అక్కడిదాకా చదివి ఆగిపోయాను. కింద పేరు చూడనక్కర్లేదు. పది రోజులుగా మా అత్తయ్య బడి నుంచి ఇంటికి రాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని వస్తోంది. ఆవిడ కుడి కనుబొమ సగం కాలిపోయి ఉంది. అయినా చూశాను. 'ఎవరి మీద ఫిర్యాదు' అన్న గడిలో మా అత్తయ్య పేరే ఉంది.

నేనప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది. లేచి నాలుగడుగులు వేసి, "సార్, ఇది మా ఇంటి మనిషిది, ఇంకొకరికి ఇవ్వండి" అని సూపరింటెండెంట్ గారికి చెప్పాలి. ఆయన దాన్ని పక్క బల్ల ఆవిడకి ఇస్తారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఫలానా వాళ్ళ అత్తగారు పిల్ల చెయ్యి కాల్చిందని సాయంత్రానికి మూడంతస్తులకీ తెలుస్తుంది. ఆ తలనొప్పంతా ఎందుకు, నలుపు కొట్టేస్తే ఎవరి ఫైలో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. అత్తగారని చూసీ చూడనట్టు వదిలేసిందని రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. అందుకని ఈ ఫైలు అందరి ఫైళ్ళకంటే పకడ్బందీగా చేద్దామనుకున్నాను.

పకడ్బందీగానే చేశాను. పేరు కొట్టాను, బడి కొట్టాను, వీధి కొట్టాను. ఆ తర్వాత ఆ తల్లి ఇలా రాసింది. 'ఆవిడది భూగోళం. సైన్స్ టీచర్ వెళ్ళిపోయి మూడు నెలలైంది. ఆవిడకి రాని పాఠం ఆవిడ చేత చెప్పిస్తున్నారు. దీనికి జవాబు ఎవరు చెప్పాలో కనుక్కోండి.' మామూలుగా మేము సబ్జెక్టు పేరు జోలికి పోం. లెక్కల టీచర్లు ఊరికి వందమంది ఉంటారు. కానీ ఆ బడిలో భూగోళం చెప్పేది ఒక్క మా అత్తయ్యే. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మాట కూడా పేరు లాంటిదే కదా. పెన్ను ఆడించాను. సైన్స్ టీచర్ ఖాళీ కూడా ఆ బడిని పట్టిస్తుందని ఆ వాక్యాన్నీ, రాని పాఠం అన్న దాని తర్వాతి వాక్యాన్నీ మొత్తం కొట్టేశాను. జాబితాలో రెండూ రాశాను. సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు అన్నది ఉంచాను, ఎందుకంటే సర్వీసు ఉంచాలని నియమం. చీటీ మీద సంతకం పెట్టాను.

వారం తిరక్కుండానే ఇంటికి నోటీసు వచ్చింది. అత్తయ్య రెండుసార్లు చదివి, మడిచి, కూరలు తరగడానికి కూర్చుంది. లిఫ్టులు బాగుచేసే మా ఆయనకి ఏది పాడైనా విప్పి చూడటం అలవాటు. ఆయన వెంటనే నా వైపు తిరిగి, ఫైలు ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో చూడగలవా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపలే అత్తయ్య అందుకుంది.

"దాన్నడక్కురా. దాని ఉద్యోగం దానిది. పేరు చూడకుండా చదువుతారు, అంతకంటే ఏం కావాలి మనకి? తప్పు నాదే, కాదనను. కానీ సగమే నాది. ఆ సగం ఏదో నేనే రాసుకుంటాను."

నాలుగు సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని జవాబు రాసింది. ఒక్కో పేరా రాసి కొడుక్కి చదివి వినిపించేది. నేను వంటగదిలో గిన్నెలు తోమినవే తోముతూ విన్నాను. 'నేను భూగోళం టీచర్ని' అని మొదలుపెట్టింది. సైన్స్ టీచర్ వెళ్ళిపోయాక, రెండు వారాలు చూసుకోండి చాలు అని హెడ్మాస్టర్ గారు ఆ క్లాసు తన నెత్తిన పెట్టారనీ, రెండు వారాలు మూడు నెలలయ్యాయనీ, తనకి రాదని రెండుసార్లు కాగితం మీద రాసిచ్చాననీ రాసింది. స్పిరిట్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదట. సైన్స్ చదివిన వాళ్ళెవరికైనా తెలిసిన సంగతి అది. నదులు, గాలులు, పటాలు అడిగితే నిద్రలో లేపినా చెబుతాను, ఇది మాత్రం నాకు తెలియదు అని రాసింది. నిజంగానే ఆవిడకి తెలియదు. చివర్లో ఆ పిల్ల చెయ్యి పూర్తిగా బాగయ్యేదాకా నాకు మనశ్శాంతి లేదని రాసి, ఆ వాక్యం చదవలేక కాగితం కొడుక్కి ఇచ్చేసింది.

పోస్టు చేసిన నాలుగో రోజుకి ఆ జవాబు నా బల్ల మీద ఉంది.

ఆ పూటే నాకు అర్థమైంది, నేనేం చేశానో. జాబితా నా చేత్తో రాసిందే. 'భూగోళం' అందులో ఉంది. ఫిర్యాదు నకలు ఈపాటికి పైన ముగ్గురి చేతుల్లోనూ ఉంది. ఇప్పుడు జాబితాలోంచి ఆ మాట తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు. ఎందుకని చెప్పను? మా అత్తగారికి పనికొస్తుందని చెప్పనా? పక్క బల్ల ఆవిడ ఏదో సినిమా కథ చెబుతోంది. నేను ఊఁ కొడుతూ 'భూగోళం' కనిపించిన చోటల్లా కొట్టుకుంటూ పోయాను. పదకొండు చోట్ల ఉంది. నదులు, గాలులు, పటాలు కూడా ఆ మాటనే పట్టిస్తాయని వాటినీ కొట్టాను. సైన్స్ టీచర్ ఖాళీ గురించిన పేరా పోయింది. హెడ్మాస్టర్‌కి రాసిచ్చిన కాగితాల మీద బడి ముద్ర ఉంటుంది కాబట్టి, ముద్ర ఉన్న కాగితాలు జతచేయకూడదు. అవీ బీరువాలోకి పోయాయి.

అంతా అయ్యాక, పైనున్న సభ్యులు చదివినట్టుగా ఒకసారి చదివాను. 'నేను టీచర్ని. ఇరవై తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. స్పిరిట్ మంట పగటి వెలుగులో కనబడదని నాకు తెలియదు.' మధ్యలో ఉన్నవన్నీ నల్ల పట్టీలు. అప్పుడు కూడా లేచి నాలుగడుగులు వేసి ఉండొచ్చు. లేవలేదు. మొదటి చీటీ మీద పెట్టిన సంతకం నన్ను కుర్చీకి కట్టేసింది. రెండో చీటీ మీద కూడా పెట్టాను.

తీర్పు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఎడతెగని వాన. అత్తయ్య రోజూ బడికి వెళ్ళి స్టాఫ్ రూములో కూర్చుని వచ్చేది. తీర్పు వచ్చేదాకా క్లాసుకి వెళ్ళకూడదు. పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చి పటాలు గీసి చూపించుకుని వెళ్ళేవాళ్ళట. ఇంటికొచ్చి ఎవడి పటంలో ఏ నది ఎటు పారిందో మాకు చెప్పి నవ్వించేది. నేను నవ్వలేక, వంట మాడిపోతోందని లోపలికి వెళ్ళేదాన్ని. ఈమధ్య నీ వంట ఎప్పుడూ మాడుతూనే ఉంటుందేమిటని అడిగేది.

తీర్పులో దూషణ ఒక్క మాట లేదు. ఆ ముగ్గురూ మంచివాళ్ళే, నేను రోజూ వాళ్ళ తీర్పులు చూసేదాన్నే కదా. 'ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం ఉండి కూడా, తాను బోధించే శాస్త్రంలో కనీస జాగ్రత్త తెలియదని ఈ ఉపాధ్యాయురాలు స్వయంగా ఒప్పుకుంటున్నారు' అని రాశారు. పాఠం చెప్పే అనుమతి రెండేళ్ళపాటు రద్దు చేశారు. అత్తయ్యకి ఇక మిగిలిన సర్వీసు ఏడాదిన్నరే.

"భూగోళం అన్న మాట ఎక్కడా లేదేమిటి?" అని మా ఆయన కాగితం తిప్పి తిప్పి చూశాడు. అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపింది కలిపినట్టే వదిలేసి లేచింది. పైకి అప్పీలు చేసుకోవచ్చు గానీ, అప్పీలులో కూడా ఆ నల్లపట్టీల కాగితాలే చూస్తారు. అది నాకొక్కదానికే తెలుసు.

రెండు రోజుల తర్వాత ఆ దర్జీ ఆవిడ గొడుగు ముడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. వెనకాల ఆ పిల్ల. చెయ్యి మానింది గానీ, వెనక వైపు చర్మం గులాబీ రంగులో సాగినట్టుగా ఉంది. వేళ్ళు పూర్తిగా ముడవలేకపోతోంది. అత్తయ్య ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను.

"నేను మీ మీద రాయాలనుకోలేదండీ," అంది దర్జీ ఆవిడ. "హెడ్మాస్టర్ మీద రాద్దామనే వెళ్ళాను. ఆ కాగితంలో టీచర్ పేరు రాసే గడి ఒక్కటే ఉంది. హెడ్మాస్టర్ సంగతి వేరే ఆఫీసట. అందుకే ఆవిడది భూగోళం, ఆవిడ తప్పు కాదు అన్నట్టుగానే రాశాను. వాళ్ళు చదవరా ఏమిటి?"

"చదువుతారమ్మా," అంది అత్తయ్య. "వాళ్ళ చూపులో ఏదో తప్పిపోయి ఉంటుంది."

నేను మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎంతసేపు నిలబడ్డానో, ఆ పిల్లే లేచి వచ్చి ఎడం చేత్తో గ్లాసు అందుకుంది.

మర్నాడు ఆఫీసు తెరవగానే సూపరింటెండెంట్ గారి బల్ల ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. ఆయన చాలా నెమ్మదస్తుడు, కోపం వచ్చినా గొంతు ఇంకా తగ్గుతుంది తప్ప పెరగదు. విన్నంతసేపూ బీరువా తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కూర్చున్నారు.

"నువ్వు చెప్పింది నేను వినలేదనుకోమ్మా," అన్నారు. "విన్నానంటే రాయాలి. రాస్తే ముందు నీ మీద వస్తుంది, తర్వాత ఆవిడ మీద వస్తుంది. ఇంటి మనిషి చేత ఫైలు చేయించుకుందంటారు."

"నేను ఆవిడకి సాయం చేయలేదు సార్. ముంచాను."

"అది నీకూ నాకూ తెలుసు. రాసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆఫీసు నువ్వు అత్తకి సాయం చేశావంటుంది. ఇంట్లో తెలిస్తే అత్త మీద కసి తీర్చుకున్నావంటారు. ఈ రెండిటికీ మధ్యలో నీ మాట నమ్మేదెవరు?"

ఆయన చెప్పినదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. అయినా రాసిచ్చాను. ఆ పిల్ల చెయ్యి చూశాక, రాయకుండా ఉండటం నా వల్ల కాలేదు. రెండు పేజీలు రాశాను. ఏ రోజు, ఏ మాట, ఎన్నిసార్లు, ఎందుకు, అన్నీ రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం ఒక్కటి చదివి పెట్టాను.

మండలి దాన్ని పక్కన పడేయలేదు, అది కూడా చెప్పాలి. ఇద్దరు అధికారులు వచ్చి రెండు రోజులు నన్ను అడిగారు. అసలు కాగితాలు, నకళ్ళు పక్కపక్కన పెట్టి చూశారు. ఎక్కడ తప్పు జరిగిందో వాళ్ళే కనిపెడతారు, ఫైలు మళ్ళీ తెరుస్తారు అని నాకు ఆశ పుట్టింది. మూడు వారాలు ఆ ఆశతోనే తిరిగాను. ఈలోపు అత్తయ్య బడి నుంచి వీడ్కోలు తీసుకుని వచ్చేసింది. సైన్స్‌కి కొత్త టీచర్ వచ్చాడట. భూగోళం క్లాసులు రెండు వారాలు చూసుకోమని ఆటల మాస్టారికి ఇచ్చారట. ఆ మాట చెప్పి అత్తయ్య నవ్వింది. మా ఆయనకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆఫీసులో నా చేతికి ఉత్తర్వు ఇచ్చారు. నలుపు కొట్టడంలో నియమోల్లంఘన ఏదీ కనబడలేదు. ఆ బడిలో ఆ సబ్జెక్టుకి ఒక్కరే టీచర్ కాబట్టి ఆ మాట మూయడం సరైనదే. బంధుత్వం దాచినందుకు ఉద్యోగినిని ఉత్తరాలు పంపే విభాగానికి మార్చడమైనది. ప్రమాదం జరిగిన తీరులో మార్పేమీ లేనందున తీర్పుని మళ్ళీ పరిశీలించనక్కర్లేదు. నేను చేసిన పని సరైనదేనట. అది చదివి సూపరింటెండెంట్ గారి వైపు చూశాను. ఆయన తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు.

ఫైల్లో ఉన్న టీచర్‌కి కూడా ఒక ప్రతి వెళుతుందని నాకు తట్టలేదు. ఉత్తరాలు పంపే విభాగానికి నేనింకా వెళ్ళలేదు కదా.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు విప్పిన కవరు. ఉత్తర్వులో నా పేరు కొట్టేశారు, పద్ధతి ప్రకారం. దాని పక్కనే 'సదరు ఉపాధ్యాయురాలి కోడలు' అన్నది మాత్రం ఎవరో ఉంచేశారు. ఆవిడకి ఉన్నది నేనొక్కదాన్నే కోడల్ని. చెప్పులు విప్పకుండానే గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

"కూర్చో," అంది. కూర్చున్నాను.

"ఆ మాట ఎందుకు కొట్టేశావు?"

"ఆ బడిలో భూగోళం చెప్పేది మీరొక్కరే కదా అత్తయ్యా. దాంతో మిమ్మల్ని గుర్తుపట్టేస్తారని."

"నేనొక్కదాన్నేనని నీకెవరు చెప్పారు?"

"మీరే. ఇంట్లో అంటూ ఉంటారుగా."

నా వైపు చూసింది. పరీక్ష కాగితం మీద మార్కులు వేసే ముందు ఆవిడ అలాగే చూస్తుంది, పిల్ల ఎక్కడ తప్పటడుగు వేసిందో వెనక్కి వెళ్ళి వెతుకుతున్నట్టు.

"మరి ఎవరో ముక్కూమొహం తెలియని టీచర్ ఫైలయితే?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆ వానాకాలమంతా చెప్పకుండా చెప్పిన అబద్ధాలకి ఇంకొకటి కలపడం ఎంతసేపు? కానీ ఆవిడ ముందు నా నోటికి రాలేదు.

"ఒక్కరేనని నాకు తెలిసేది కాదు," అన్నాను. "ఆ మాట ఉంచేసేదాన్ని."

అత్తయ్య ఉత్తర్వు మడిచి కవర్లో పెట్టింది. వీధిలో మా ఆయన స్కూటర్ ఆపిన చప్పుడైంది.

"పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన రోజు నుంచి నిన్ను పరాయిదాన్ని అనుకోకూడదని ఎంత జాగ్రత్త పడ్డానో నీకు తెలియదు," అంది. "నువ్వు ఒక్క పూట, ఆ ఒక్క పూట నన్ను పరాయిదాన్ని అనుకుని ఉంటే సరిపోయేది కదే."

ఆ గొంతులో కోపం లేదు. మొహం కడుక్కుని రమ్మని నన్ను లోపలికి పంపి, తలుపు తీయడానికి ఆవిడే లేచింది.